నీళ్ల దర్వాజ రాళ్లు

మా ఊరి కోటను ఎవరు కట్టించారన్నదానికి ఊళ్లో మూడు కథలున్నాయి. కాకతీయుల సామంతుడెవరో కట్టించాడని ఒకటి. గోల్కొండ నుంచి వచ్చిన కిలేదారు కట్టించాడని రెండోది. రాక్షసులు ఒక్క రాత్రిలో కట్టి, కోడి కూయగానే తూర్పు బురుజును సగంలో వదిలేసి పోయారని మూడోది. ఆ కోటలో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నవాణ్ని కాబట్టి నిజం ఏమిటని నన్ను అడుగుతుంటారు. అడుగున మట్టికట్ట ఒకరిది, దాని మీది రాయి ఇంకొకరిది, రాయి మీది సున్నం మరొకరిది అని చెబుతాను. అది ఎవరికీ నచ్చదు. రాక్షసుల కథే బాగుందని వెళ్లిపోతారు.

కోటకు మూడు వైపులా కందకం, పడమట చెరువు. పడమటి గోడ నీళ్లలోంచే లేస్తుంది. ఆ గోడలో ఇద్దరు పక్కపక్కన దిగేంత గుమ్మం, పైన రాతి కమాను, కింద నీళ్లలోకి మెట్లు. దాన్ని నీళ్ల దర్వాజ అంటారు. ముట్టడి పడ్డప్పుడు లోపలివాళ్ల దాహం తీర్చిన తోవ అదేనట. నిజాం కాలంలో కోట ధాన్యం కొట్టు అయింది, తర్వాత కొన్నాళ్లు పోలీసు ఠాణా, ఆ తర్వాత ఎవరిదీ కాలేదు. ఎవరిదీ కానిది ఊరందరిదీ. మా ఊళ్లో కోట రాయి లేని ఇల్లు వెతికినా దొరకదు. ఇస్త్రీ దుకాణం మెట్టు కోటది, మగ్గాల షెడ్డు పునాది కోటది, బస్టాండు మూత్రశాల గోడలో పద్మం చెక్కిన రాయి ఒకటి తలకిందులుగా ఉంది. ఈ సంగతి అందరం నవ్వుతూ చెప్పుకునేవాళ్లం. నేను మాత్రం నవ్వడం మానేశాను.

మా బాపు రాళ్లు కొట్టేవాడు. తాతా అంతే. బాపు గుట్ట మీద బండను చూసి, అది ఎటు పగులుతుందో చెయ్యి పెట్టి చెప్పగలిగేవాడు. నన్ను మాత్రం ఉలి ముట్టుకోనివ్వలేదు. "దుమ్ము నా లోపలికి పోయింది సాలు, నీకద్దు" అని నస్పూర్‌లో మేనమామ ఇంట్లో పెట్టి చదివించాడు. మామ బొగ్గుబాయి పనికి పోయేవాడు, నేను మంచిర్యాల ఐటీఐకి పోయేవాణ్ని. అక్కడ బొమ్మలు గీయడం నేర్చుకున్నాను. రాయిని కాగితం మీద ఎలా గీయాలో నాకు తెలుసు. చేత్తో ఎలా చూడాలో తెలియదు. మా ఇంటి విద్య నా దగ్గరికొచ్చేసరికి పెన్సిలుగా మారిందని గర్వంగా చెప్పుకున్న రోజులు కూడా ఉన్నాయి.

నాకొక అక్క ఉండేది. నాకు ఏడేళ్లప్పుడు దానికి పదకొండు. భాద్రపదంలో, బతుకమ్మకు ఇంకో వారం ఉందనగా, ముసురు పట్టి రెండు రోజులు ఆగకుండా వాన కురిసింది. మూడో రోజు తెరిపిచ్చింది. నేను జ్వరంతో పడుకుని ఉన్నాను. నేను తడిపిన దుప్పటి, ఇంకో నాలుగు బట్టలు తీసుకుని అక్క నీళ్ల దర్వాజ మెట్ల దగ్గరికి పోయింది. నానిన కమాను దాని మీద కూలింది. మమ్మల్ని కన్న అవ్వ అరుపు నాకు గుర్తులేదు, ఉందనుకుంటే అబద్ధం చెప్పినట్టే. ఇంట్లోకి చాలామంది ఒకేసారి రావడం, ఎవరో నా నుదుటి మీద చెయ్యి వేసి "వీనికి ఇంక జరమున్నది" అనడం గుర్తున్నాయి.

కమానులో పదకొండు రాళ్లుంటే అటు రెండు ఇటు రెండు గోడకు నిలిచాయి, నడుమ ఏడు పడ్డాయి. ఆ ఏడింటినీ బాపు మర్నాడు ఎడ్లబండి మీద ఇంటికి తెచ్చాడు. ఇంటి వెనక నాలుగు రోజులు ఉలి చప్పుడు వినబడింది. రాళ్లకు అంటింది కడుగుతున్నాడేమో, సున్నం గీకుతున్నాడేమో అనుకున్నాను. తర్వాత వాటిని చెరువు కట్ట కింది బొందల గడ్డకు తీసుకుపోయి అక్కను పూడ్చిన బొంద మీద పేర్చాడు. మా రాళ్లు కొట్టేవాళ్లలో ఒక పద్ధతి ఉంది. రాయి మనిషిని తింటే ఆ రాయిని అమ్మరు, ఏ ఇంటికీ పెట్టరు. ఆ మనిషి దగ్గరే ఉంచుతారు. ఈ పద్ధతిలో నాకు తెలిసింది అంతవరకే. మిగతా సగం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అవ్వ నేను ఐటీఐలో ఉండగా పోయింది. బాపు ముసలివాడయ్యాడు, దుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టి నాలుగు అడుగులేస్తే ఆయాసపడేవాడు. నాకు పెళ్లయింది, కోటలో కాంట్రాక్టు మీద డ్రాఫ్ట్స్‌మన్ పని దొరికింది. కోటను బాగుచేయాలని పైవాళ్లు తలచిన మొదటిసారి సిమెంటు పూశారు. రెండు వానలకు ఆ సిమెంటు అట్లు ఊడినట్టు ఊడి, తనతోపాటు పాత సున్నాన్నీ పీక్కుపోయింది. రెండోసారి హైదరాబాద్ నుంచి ఒక మేడమ్ వచ్చింది. పాత కట్టడాలు బాగుచేయడమే ఆమె చదువు. నాకంటే చిన్నది. ఎండలో బురుజు ఎక్కి కూర్చుని, రాయి రాయికీ నాతో బొమ్మ గీయించి నంబరు వేయించింది. కరీంనగర్ నుంచి ఒక సున్నం ఉస్తాద్‌ను తెచ్చింది. డెబ్బై దాటిన ముసలాయన. గానుగ కట్టించి, ఎద్దులతో సున్నం నూరించి, కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపించాడు. బెల్లానికి ఊరి కందిరీగలన్నీ కోటలోనే కాపురం పెట్టాయి. ఆ మూడేళ్లు నాకు పని మీద ప్రేమ ఉండేది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసింది ఆ ప్రేమతోనే చేశాను.

అన్ని గోడలూ లేచాయి, నీళ్ల దర్వాజ మిగిలింది. మేడమ్ ఎక్కడినుంచో ఒక పాత ఫొటో సంపాదించింది. అందులో కమాను నిండుగా ఉంది. "అసలు రాళ్లు దొరికితే ఇదే నిలబెడదాం. దొరక్కపోతే కొత్తవి చెక్కించాలి, కానీ అది ఇది కాదు కదా" అంది. కోట రాళ్లు తెచ్చిచ్చినవాళ్ల మీద ఏ కేసూ పెట్టరని ఆటోలో మైకు పెట్టి ఊరంతా చెప్పించారు. కొందరు నిజంగానే తెచ్చారు. ఒకాయన ఇంట్లో రోలు మోసుకొచ్చి, ఇదీ కోటదేనన్నాడు. కొత్త మిక్సీ కొన్నాడట, రోలును పారేయడానికి ఇంతకంటే మంచి చోటు దొరకలేదు. కమాను రాళ్లు మాత్రం రాలేదు. ఎలా వస్తాయి, అవెక్కడున్నాయో నాకు తెలుసు.

నెల రోజులు నోరు మెదపలేదు. ఆ నెలలో ఒక మధ్యాహ్నం టేపు పట్టుకుని బొందల గడ్డకు పోయి, అక్క బొంద మీద వంగి రాళ్ల పొడవు, వెడల్పు, పక్కన ఇనుప కీలు గాడి అన్నీ కొలిచాను. ఫొటోతో సరిపోయాయి. వెళ్లి మేడమ్‌కు చెప్పాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు, ఉద్యోగం పోతుందని బెదిరించలేదు. అంతమంది చదువుకున్నవాళ్లు వెతుకుతున్నదాన్ని నేను దొరికించానని అనిపించుకోవాలనుకున్నాను. ఆ ఆశ అంత పనికిమాలినది. ఆమె ముఖం వెలిగింది, వెంటనే "మీ నాన్నగారు ఒప్పుకుంటారా? ఆయన వద్దంటే వదిలేద్దాం" అంది. ఒప్పుకుంటాడని నేనే మాటిచ్చాను.

ఆ సాయంత్రం బాపు వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"బాపూ, అక్క బొంద మీది రాళ్లు కోటకు కావాల్నట."

ఆయన ఆయాసం తగ్గేదాకా ఆగాడు. "గవి ఆడున్నయని ఎవలు జెప్పిండ్రు?"

"నేనే జెప్పిన."

నా వైపు చూడలేదు. "గవి పనికిరావు బిడ్డా. కలువయి."

"ఎందుకు కలువయి? నేను కొల్చిన. ఒక్క నూలు గూడ తేడా లేదు."

"పైనుంచి కొల్చినవ్" అన్నాడు.

నేను అడగాల్సింది అక్కడ. పైనుంచి కాకపోతే ఇంకెటునుంచి కొలవాలి బాపూ అని ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాడు. ఇవ్వడం ఇష్టం లేక సాకు చెబుతున్నాడనుకున్నాను. నాకు కోపం వచ్చింది. నా చదువును ఆయన లెక్క చేయలేదన్న కోపం. "గది సర్కారు సొమ్ము బాపూ. దొంగసొమ్ము అక్క మీద ఎందుకు?" అన్నాను.

ఈ మాట నేను అన్నాను. ముప్పై ఏళ్లు గుట్ట మీద రాళ్లు కొట్టి నన్ను చదివించిన మనిషితో అన్నాను. నోరు జారితే తీసుకోలేం అంటారు, కానీ నాది జారలేదు, ఆలోచించే అన్నాను.

ఆయన చాలాసేపు దగ్గాడు. "నీ ఇష్టం" అన్నాడు తర్వాత.

బాపును ఆస్పత్రిలో చూపించే రోజు చూసి, నా భార్యను తోడిచ్చి కరీంనగర్ పంపాను. అదే రోజు ట్రాక్టరు, ఆరుగురు కూలీలతో బొందల గడ్డకు పోయాను. కోటలో ఎలుక బొరియ పక్కనున్న రాయిని కూడా బొమ్మ గీయకుండా, నంబరు వేయకుండా కదపనివ్వని మనిషిని, ఆ రోజు ఒక్క గీత గీయలేదు. ఒక్క ఫొటో తీయలేదు. బాపు బస్సు దిగేలోపు అయిపోవాలన్న తొందర ఒక్కటే ఉంది. గడ్డపారలు పెట్టి ఎత్తారు. అడుగున ఎర్రమట్టి పట్టి ఉంది. అలాగే ట్రాలీలోకి ఎక్కించారు. తీసేశాక అక్కడ నేల మంచమంత పల్లంగా, కొంచెం తడిగా ఉంది. కూలీల్లో ఒకడు తనంతట తానే పారతో మట్టి లాగి పల్లం పూడ్చాడు. అది నేను చెప్పాల్సింది.

కోటలో, నేల మీద సున్నంతో కమానును నిండు కొలతలో గీసి పెట్టుకున్నాం. పైకి ఎత్తకముందు రాళ్లను ఆ గీత మీద పేర్చి చూడడం పద్ధతి. నేను ఫొటో చూసి ఎర్ర రంగుతో ఒకటి నుంచి ఏడు దాకా నంబర్లు వేశాను. ఉస్తాద్ గొట్టం పెట్టి మట్టి కడిగించాడు. రాళ్లను పేర్చారు. ఒకదానికొకటి ఆనలేదు. రాయికీ రాయికీ మధ్య నా నాలుగు వేళ్లు దూరాయి. జరిపి చూశారు, మార్చి చూశారు. ఎలా పెట్టినా నడుమ రాయి జారి కింద పడేలాగే ఉంది.

ఉస్తాద్ గొంతుక్కూర్చుని ఒక రాయి అడుగు వైపు చెయ్యి పెట్టి తడిమాడు. కమాను రాయికి అదే ముఖం, కింద నడిచేవాళ్లకు కనబడేది. ఆ ముఖం లేదు. పక్క అంచులతో సహా రెండంగుళాల లోతున చెక్కేసి ఉంది. ఏడింటికీ అలాగే ఉంది.

"బేటా, వీటి మొఖం తీసేసిన్రు" అన్నాడు. "పగిలింది గాదు. కావాల్నని తీసిన్రు. చెయ్యి గూడ మంచి చెయ్యి." ఇంకో రాయి తడిమి, "రాయి మనిషిని తింటే గట్ల జేస్తరు గద మీ దాంట్ల. ఎవల పని ఇది?" అని అడిగాడు.

"మా బాపు" అన్నాను.

ఆయనకు మా అక్క సంగతి తెలియదు. లేచి చేతులు కడుక్కుని గానుగ వైపు వెళ్లిపోయాడు. మా పద్ధతి సున్నం పని చేసే సాయిబుకు తెలుసు, నాకు తెలియదు. మేడమ్ వంగి ఒక్కో రాయినీ చూసింది. బరువు మోయాల్సినవి, అతుకులతో నిలబెట్టలేమని, కొత్తవే చేయించక తప్పదని మెల్లగా చెప్పింది. "మనం అడగకుండా ఉండాల్సింది" అని కూడా అంది. అడిగింది ఆమె కాదు.

రెండు రోజుల తర్వాత బాపుకు చెప్పాను. "జెప్పిన గద బిడ్డా" అన్నాడు. కోపం లేదు. కోపం ఉంటే నాకు బాగుండేది. నేనే అడిగాను, ముఖాలు ఎందుకు తీశావని.

"పానం తీసిన రాయికి మొఖం ఉండద్దు. గది మళ్ల మనిషిని సూడద్దు. మొఖం దీసి, కిందికి పెట్టాలె." ఊపిరి కోసం ఆగాడు. "ఏడు పడ్డయి. నా బిడ్డ మీద ఉన్నది ఒక్కటే. గా ఒక్కదాన్ని తలకాడ పెట్టిన. ఏ రాయి దాన్ని తిన్నదో గదే దానికి కాపలా ఉండాలె."

అంత మాట ఆయన చెప్పాడు. ఏది అది, అని నేను అడగాలి. అడగలేదు. రాళ్లు వెనక్కి తెచ్చాక ఎలాగూ బాపే పెట్టిస్తాడని సర్దిచెప్పుకున్నాను.

వెనక్కి తేవడం నేననుకున్నంత తేలిక కాలేదు. ట్రాలీ కోట గేటు దాటిన రోజే నా చేత్తోనే వాటిని రిజిస్టర్లో ఎక్కించాను. ఎక్కింది ఏదైనా కోట ఆస్తి. పనికిరాదని తేలినా ఆస్తే. రాళ్లను గోడ పక్కన పడేసి చుట్టూ తీగ కట్టారు. నేను అర్జీలు పెట్టాను. అర్జీలు రాసిందీ నేనే, వాటిని పైకి పంపే కాగితం టైపు చేసిందీ నేనే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. మేడమ్ ఉన్నన్నాళ్లు ఫోన్లు చేసింది, తర్వాత ఆమెను ఇంకో జిల్లాకు మార్చారు. మిషన్ మీద కోసిన కొత్త రాళ్లతో నీళ్ల దర్వాజ లేచింది. రిబ్బను కత్తిరించారు, చెరువులో పడవలు దింపారు. జనం ఆ కమాను కింద నిలబడి సెల్ఫీలు తీసుకుంటారు. నేను ఆ వైపు పని ఉంటే చుట్టు తిరిగి పోతాను.

ఆ ఏడాది బాపు మంచం దిగలేదు. పొద్దున పంపు మందు పీల్పించడానికి, సాయంత్రం వీపు నిమరడానికి నేనే కూర్చునేవాణ్ని. ఇద్దరం మాట్లాడుకునేవాళ్లం. కరెంటు పోవడం గురించి, పత్తి ధర గురించి, ఉట్నూర్ దిక్కు వానలు ఎలా ఉన్నాయన్నదాని గురించి. తలకాడ పెట్టింది ఏ రాయి బాపూ అని అడగడానికి నాకు అన్ని పొద్దులు, అన్ని సాయంత్రాలు ఉన్నాయి. అడిగితే దొంగసొమ్ము అన్న మాట మళ్లీ మా మధ్యకు వస్తుందని భయపడ్డాను. ఆయన గుర్తుగా చెప్పేవాడే. ఏ మూల ఎంత విరిగిందో, ఏ రాయి మీద ఏ చార ఉందో, చనిపోయేముందు రోజు కూడా చెప్పగలిగేవాడు. పుష్యమాసం చలిలో పోయాడు. అక్క పక్కనే బొంద పెట్టాం.

ఆయన పోయిన మూడు నెలలకు కాగితం వచ్చింది. పనికిరాని రాళ్లు తీసుకుపోవచ్చునని అందులో ఒక్క ముక్క ఉంది. అదే ట్రాక్టరు, అదే డ్రైవరు. ఏడింటినీ బొందల గడ్డలో దింపారు. రంగు వెలిసినా నంబర్లు కనబడుతున్నాయి.

"తలకాడ ఏది పెట్టాలె సార్?" అని డ్రైవర్ అడిగాడు.

నేను ఒక్కో రాయి పక్కన కూర్చుని చూశాను. తిప్పించి అడుగు వైపు చూశాను. బాపు ఏడింటినీ ఒకే తీరుగా చెక్కాడు.

"నంబర్లున్నయి గద సార్, గట్లనే పెడదమా?"

"గవి కమాను నంబర్లు" అన్నాను.

అతను మళ్లీ అడిగాడు. మా అక్కను చంపిన రాయి ఏదో నాకు తెలియదని, తెలిసినవాడు ఈ పక్కనే పడుకుని ఉన్నాడని, బతికి ఉండగా అతన్ని నేను అడగలేదని ఆ డ్రైవరుకు ఎలా చెప్పాలి? తెల్వదు అని మాత్రం అన్నాను. ఆ ఏడు రాళ్లు ఆ రోజు దింపిన చోటే ఉన్నాయి, బొంద మీద ఒక్కటీ పెట్టలేదు.